తొలి కాన్పు, రెండు ఊళ్ళు, మాతృవందన ఐదు వేలు

తొలిసారి కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద ఐదు వేల రూపాయలు వస్తాయని చాలామందికి తెలుసు. అవి చేతికొచ్చేలోపు ఏమేం జరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. "మా కోడలికి పడ్డాయి", "మా అమ్మాయికి పడలేదు" అన్న రెండు మాటలే ఊళ్ళో వినపడుతుంటాయి. నాకు పడ్డాయి. ఈలోగా నేను చూసిందంతా ఒకచోట రాసిపెడితే, ఇప్పుడు మూడో నెలో నాలుగో నెలో నడుస్తున్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. ఈ డబ్బు ఎవరో దయతలచి ఇచ్చేది అనుకోవద్దు. గర్భిణులకూ బాలింతలకూ ఆరు వేలకు తగ్గకుండా ప్రసూతి సాయం అందాలని 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టంలోనే రాసి ఉంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల్లోనూ ప్రభుత్వ రంగ సంస్థల్లోనూ రెగ్యులర్ ఉద్యోగం చేసేవాళ్ళకు, వేరే చట్టం కింద ఇలాంటి సాయమే అందుకునేవాళ్ళకు వర్తించదు. మిగతా అందరికీ అది హక్కు. మాతృవందన 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మొదట్లో వెయ్యి, రెండు వేలు, రెండు వేలు అని మూడు విడతల్లో ఇచ్చేవాళ్ళు. 2022 ఏప్రిల్ నుంచి రెండు విడతలు చేశారు. చివరి నెలసరి తేదీ నుంచి ఆరు నెలల లోపు పేరు నమోదై, ఒక్కసారన్నా వైద్య పరీక్ష జరిగితే ₹3,000. బిడ్డ పుట్టాక జననం నమోదై, పద్నాలుగో వారం దాకా వేయాల్సిన టీకాలు పూర్తయితే ₹2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి ₹6,000 ఇస్తారు. కాన్పు ప్రభుత్వ ఆసుపత్రిలోనే కావాలన్న షరతు దీనికి లేదు. ప్రైవేటులో పురుడు పోసుకున్నా అర్హతే. ఇది తెలియక అడగడమే మానేసిన వాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

మా అత్తగారి ఊరు పల్నాడు జిల్లాలో సత్తెనపల్లి వైపు. పుట్టిల్లు ప్రకాశం జిల్లా దర్శి దగ్గర. ఆయన ట్రాక్టర్ మెకానిక్, నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఈ రెండు ఊళ్ళ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా దరఖాస్తులో ఎక్కడ చిక్కుముడి పడ్డా దాని కొస ఇక్కడే ఉంది. మనవైపు తొలి కాన్పు పుట్టింట్లోనే చేస్తారు. కడుపుతో ఉన్నట్టు ఒక ఊళ్ళో రాయించుకుంటాం, పురుడు ఇంకో ఊళ్ళో పోసుకుంటాం. పెళ్ళయి ఏడాదో రెండేళ్ళో అయిన పిల్లకు ఆధార్ ఒక ఇంటిపేరుతో ఉంటుంది, బియ్యం కార్డులో పేరు ఇంకా నాన్న ఇంట్లోనే ఉంటుంది, బ్యాంకు ఖాతా ఎప్పుడో చదువుకునే రోజుల్లో తెరిచింది అయివుంటుంది. పథకమేమో మనిషికి ఒకే పేరు, ఒకే ఊరు, ఒకే ఖాతా ఉంటాయన్నట్టు నడుస్తుంది. తొలి కాన్పు కోసమే పెట్టిన పథకం, తొలి కాన్పు నాటికి మన ఆడపిల్లల పరిస్థితి ఎలా ఉంటుందో మాత్రం పట్టించుకోలేదు.

నెల తప్పిన సంగతి మూడో నెల నిండేదాకా బయటికి చెప్పొద్దని అత్తయ్య అన్నారు. పెద్దవాళ్ళ పట్టింపు, నేనేమీ అడ్డు చెప్పలేదు. కానీ మా ఆశా అక్క వీధిలో పోతూ పోతూ నా ముఖం చూసి గడప దగ్గర ఆగింది. "ఊరికి చెప్పొద్దులే, నాకు చెప్పు. రిజిస్టర్‌లో రాసినంత మాత్రాన దిష్టి తగలదు" అంది. అత్తయ్య నవ్వేసి, "సరే, నీ పుస్తకం వరకే" అన్నారు. ఆ పూట నుంచి బిడ్డకు ఆఖరి టీకా పడేవరకూ ఆ అక్క చేసిన మేలు నేను మరిచిపోలేను. జీతం కన్నా ఎక్కువ పని చేసే మనుషులు వాళ్ళు.

విలేజ్ క్లినిక్‌లో ఏఎన్ఎం మేడమ్ బరువు, బీపీ చూసి, రక్తం పరీక్ష చేసి, చివరిసారి ఎప్పుడు బయట చేరావమ్మా అని అడిగారు. నాకు తేదీ గట్టిగా గుర్తుంది. 2023 వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది, నేను ముందురోజే బయట చేరి పీట మీద కూర్చోలేకపోయాను. అలా నా కార్డు మీద ఆగస్టు 24 అని పడింది. చెప్పుకోవడానికి చిన్న సంగతే గానీ, ఈ పథకంలో గడువులన్నీ ఆ ఒక్క తేదీ నుంచే లెక్క. సరిగ్గా గుర్తులేక నోటికొచ్చిన తేదీ చెప్పినవాళ్ళకు ఆ తర్వాత స్కానింగ్‌లో వారాలు తేడా వచ్చి, కార్డులో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి ఉండటం నేను చూశాను. నెల తప్పిన వెంటనే ఆ తేదీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.

తల్లీబిడ్డల సంరక్షణ కార్డు అని ఒకటి ఇస్తారు. మడిచి పెట్టుకునే అట్ట కార్డు. అందులో నా పేరు, తేదీలు, బరువు, రక్తం శాతం, వేసిన టీడీ సూదులు, ఇచ్చిన ఐరన్ మాత్రలు, బిడ్డ పుట్టాక టీకాలు అన్నీ రాస్తారు. దాని మీద వాళ్ళ కంప్యూటర్‌లో నమోదైన నంబరు ఒకటి రాసిస్తారు. ఏ ఊరు వెళ్ళినా మనల్ని పట్టుకునేది ఆ నంబరుతోనే. నేను ఆ కార్డును రెండు వైపులా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను. రాసిన ప్రతిసారీ కొత్త ఫొటో తీసుకున్నాను. అది ఎంత పనికొచ్చిందో తర్వాత చెబుతాను.

దరఖాస్తుకు అడిగిన కాగితాలు ఎక్కువేం లేవు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఈ కార్డు, అర్హత చూపించే కాగితం ఏదో ఒకటి. ఆ ఏదో ఒకటి అన్నచోట చాలా వెసులుబాటు ఉంది. దారిద్ర్యరేఖ దిగువ రేషన్ కార్డు, ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్నట్టు ధ్రువపత్రం, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఆయుష్మాన్ భారత్ కార్డు, ఎస్సీ ఎస్టీ ధ్రువపత్రం, దివ్యాంగుల ధ్రువపత్రం, మహిళా రైతయితే పీఎం కిసాన్ లబ్ధి, వీటిలో ఒకటి ఉంటే చాలు. నా పేరు అప్పటికి నాన్న బియ్యం కార్డులోనే ఉంది. అక్కడ తీయించి ఇక్కడ ఎక్కించడానికి సచివాలయంలో అర్జీ పెట్టాం గానీ అది తేలడానికి సమయం పట్టేలా ఉంది. అది వచ్చేదాకా ఆగుదామని మా ఆయన అంటే ఏఎన్ఎం మేడమ్ ఒప్పుకోలేదు. "నువ్వు మిషన్ కుడతావు కదా, ఈ-శ్రమ్ చేయించుకో, ఖర్చు లేదు" అన్నారు. అసంఘటిత పనులు చేసుకునేవాళ్ళ కోసం 2021లో పెట్టిన కార్డు అది. వృత్తి దగ్గర దర్జీ పని అని రాయించుకున్నాను. నా పేరు మీద, నా పని పేరుతో ప్రభుత్వం దగ్గర ఒక కాగితం ఉండటం అదే మొదలు. ఈ పథకం సంగతి పక్కన పెట్టినా, ఇంట్లో కూర్చుని పనిచేసే ఆడవాళ్ళందరూ అది తీసుకోవాలనే అంటాను.

ఇంటిపేరు దగ్గర ఇంకో తర్జనభర్జన. ఆధార్‌లో మా నాన్న ఇంటిపేరు ఉంది. పెళ్ళయింది కాబట్టి మార్పించుకొని అప్పుడు దరఖాస్తు పెట్టమని ఆడబిడ్డ సలహా ఇచ్చింది. మేడమ్ మాత్రం "ఇప్పుడు ముట్టుకోకు. ఆధార్‌లో ఉన్న పేరే బ్యాంకులో ఉందా లేదా అంతవరకే చూడు. ఒకటి మారిస్తే అన్నీ మార్చాలి, ఈలోపు కాన్పు అయిపోతుంది" అన్నారు. ఆ మాటే నేనూ అందరికీ చెబుతున్నాను. ఇంకో సంగతి, ఇదివరకు భర్త ఆధార్ కూడా ఉండి తీరాలనేవాళ్ళు. ఇప్పుడు తల్లి ఆధార్ ఒక్కటి చాలు. భర్త వదిలేసినవాళ్ళు, ఒంటరిగా ఉన్నవాళ్ళు కూడా పెట్టుకోవచ్చు. ఈ మార్పు చేసినవాళ్ళకు నిజంగా దండం పెట్టాలి.

ఇక బ్యాంకు. ఎవరికైనా ఈ డబ్బు రాలేదంటే పదింట తొమ్మిదింటికి కారణం ఇక్కడే ఉంటుందని నా నమ్మకం. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పెళ్ళయ్యాక అత్తగారి ఊరి దగ్గర కొత్త ఖాతా తెరిచాను. తెరిచేటప్పుడు ఆధార్ ఇచ్చాను, వేలిముద్ర వేశాను. పాస్‌బుక్ ఉంది, ఏటీఎం కార్డు ఉంది. ఆధార్ లింకయి ఉందని కౌంటర్‌లోనే చెప్పారు. అయినా ఆశా అక్క వదల్లేదు. "లింకు వేరు, డబ్బు పడటం వేరు. ఎన్‌పీసీఐలో ఏ బ్యాంకు ఉందో చూడు" అంది. దాని అర్థం ఏమిటంటే, మాతృవందన డబ్బు ఖాతా నంబరు చూసి పడదు, ఆధార్ నంబరు చూసి పడుతుంది. ఒక మనిషికి నాలుగు ఖాతాలున్నా, నాలుగింటికీ ఆధార్ ఇచ్చినా, ప్రభుత్వ డబ్బు వెళ్ళేది మాత్రం, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ పట్టికలో ఆ ఆధార్‌కు ఎదురుగా ఉన్న ఒకే ఒక్క బ్యాంకుకు. ఆ పట్టికలో మన పేరుకు ఎదురుగా ఏ బ్యాంకు ఉందో ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అన్నచోట చూసుకోవచ్చు. ఆధార్ నంబరు కొడితే ఫోన్‌కు ఓటీపీ వస్తుంది.

ఆ ఓటీపీ నా ఫోన్‌కు రాలేదు. చిన్నప్పుడు ఆధార్‌కు ఇచ్చింది నాన్న నంబరు. నాన్న దర్శి దగ్గర పొలంలో ఉన్నారు. ఫోన్ చేసి, మెసేజ్ వచ్చింది చదవండి నాన్నా అంటే, కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయమ్మా అన్నారు. పక్క చేను అబ్బాయిని పిలిచి చదివించేసరికి గడువు దాటిపోయింది. రెండోసారికి దొరికింది. తెర మీద చూస్తే మా ఊళ్ళో నేను ఇంటర్ చదివేటప్పుడు తెరిచిన పాత ఖాతా ఉన్న బ్యాంకు పేరు వచ్చింది. ఏళ్ళ తరబడి నేను ముట్టుకోని ఖాతా అది. రెండేళ్ళు మనవైపు నుంచి ఏ లావాదేవీ లేకపోతే ఖాతాను నిద్రాణంలో పెడతారు. డబ్బు అందులో పడితే తీసుకోవడానికి మళ్ళీ ఆ ఊరు వెళ్ళి, గుర్తింపు కాగితాలన్నీ కొత్తగా ఇవ్వాలి.

మర్నాడు కొత్త ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్ళి ఆధార్ సీడింగ్ ఫారం అడిగాను. కౌంటర్ అతను కంప్యూటర్ చూసి, మీకు ఆల్రెడీ లింకయి ఉందండీ అని పంపేయబోయాడు. నేను ఫోన్‌లో తెర ఫొటో చూపించి, ఇక్కడ వేరే బ్యాంకు పేరు చూపిస్తోంది, నా డీబీటీ, అంటే ఖాతాలో నేరుగా పడే ప్రభుత్వ డబ్బు, ఈ బ్యాంకుకు మార్చండి అని నిలబడ్డాను. వెనకాల వరుసలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు. అతను లోపలికి వెళ్ళి వచ్చి ఒక పేజీ ఫారం ఇచ్చాడు. అందులో ఇదివరకే వేరే బ్యాంకుకు సీడింగ్ ఉంటే దాని పేరు రాసి, అక్కడి నుంచి ఇక్కడికి మార్చమని ఒప్పుకునే గడి ఉంటుంది. ఆ గడి నింపకపోతే ఫారం ఇచ్చీ ప్రయోజనం లేదు. కొద్ది రోజులకు మళ్ళీ చూసుకుంటే కొత్త బ్యాంకు పేరు వచ్చింది. తిరుగుళ్ళు వద్దనుకుంటే పోస్టాఫీసు పేమెంట్స్ బ్యాంకు ఖాతా ఒక మంచి దారి. పోస్ట్‌మ్యాన్ ఇంటికే యంత్రం తెచ్చి వేలిముద్రతో తెరుస్తాడు. మా పక్కింటామె అలాగే తెరిచింది. మిరపకోతలకు వెళ్ళీ వెళ్ళీ ఆమె వేలిగీతలు అరిగిపోయి ముద్ర ఒక పట్టాన పడలేదు. వేళ్ళు కడిగి, తుడిచి, ఒక్కో వేలూ మార్చి మార్చి పెట్టిస్తే ఉంగరం వేలు పనిచేసింది.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని, ఆధార్ కేంద్రానికి వెళ్ళి యాభై రూపాయలు కట్టి నా ఫోన్ నంబరు ఎక్కించుకోవడం. అప్పట్లో ఫోన్ నంబరు ఆన్‌లైన్‌లో మార్చుకోవడం కుదిరేది కాదు. పెళ్ళి చేసుకోబోయే ప్రతి ఆడపిల్లా ముందు ఈ పని చేయాలి.

మూడు వేలు సంక్రాంతి దాటాక పడ్డాయి. ఫోన్‌లో మెసేజ్ చూసి అత్తయ్యకు చూపించాను. ఐదో నెల స్కానింగ్ ప్రైవేటులో చేయించాం, అందులో సగానికి సగం అక్కడికే పోయింది. మిగిలింది పాలకూ పళ్ళకూ వాడుకున్నాను. ఆ పండగకు జాకెట్లు కుట్టే పని తీసుకోలేదు, నడుము సహకరించలేదు. ఈ డబ్బు ఉద్దేశం కూడా అదే. పనికి వెళ్ళలేక పోయిన కూలికి బదులుగా ఎంతో కొంత ఇచ్చి, కాన్పుకు ముందూ తర్వాతా ఆడమనిషి కాస్త విశ్రాంతి తీసుకునేలా చూడాలని.

చేస్తోందా? కొంత చేస్తోంది. కానీ లెక్క వేసి చూడండి. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు ₹300. ఆ లెక్కన ఐదు వేలంటే పదిహేడు రోజుల కూలికి కూడా తక్కువే. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో చట్టం వర్తించే ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు 2017 సవరణ తర్వాత 26 వారాల జీతంతో కూడిన సెలవుంది. అది ఉండాల్సిందే, ఎవరికీ తగ్గించమనను. మిరపతోటలో కోతకు వెళ్ళే మనిషికి ఎనిమిదో నెలలో నడుము నొప్పి తక్కువగా ఉండదు కదా. చట్టంలో ఆరు వేలు అని 2013లో రాశారు. మాతృవందన ఐదు వేలకు, ఆసుపత్రిలో కాన్పయితే ఇచ్చే జననీ సురక్ష సొమ్ము కలిపితే సగటున ఆరు వేలవుతుందని ప్రభుత్వం చెబుతుంది. ఈలోగా పాలు, గుడ్లు, ఆటో కిరాయి అన్నీ పెరిగాయి, ఆ అంకె మాత్రం అక్కడే ఉంది. హైదరాబాద్‌లో ఉండే మా పిన్ని కూతురికి కేసీఆర్ కిట్ కింద ఆడపిల్లకు 13 వేలు, మగపిల్లాడయితే 12 వేలు అన్నారు, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయితేనే. రాష్ట్రం తలచుకుంటే ఎక్కువ ఇవ్వొచ్చని అది చూస్తేనే తెలుస్తుంది.

ఏడో నెలలో సీమంతం చేసి అమ్మావాళ్ళు తీసుకెళ్ళారు. బయల్దేరే ముందు ఏఎన్ఎం మేడమ్ కార్డులో అంతా నింపి, "అక్కడ కొత్త కార్డు రాస్తామంటారు, వద్దను. ఇదే చూపించు, ఈ నంబరు మీదే ఎక్కించమను" అని గట్టిగా చెప్పారు. అచ్చం అలాగే జరిగింది. పుట్టింటి దగ్గర కొత్తగా రాయబోయారు, నేను వద్దన్నాను. కొత్త కార్డంటే కొత్త నంబరు, కొత్త మనిషి లెక్క. అంగన్‌వాడీ సరుకులకూ ఇదే సంగతి. నెలకు ఇరవై ఐదు గుడ్లు, ఐదు లీటర్ల పాలు, ఇతర సరుకులు అత్తగారి ఊళ్ళో నా పేరు మీద వచ్చేవి. పుట్టింటికి మారినట్టు అత్తగారి ఊరి టీచరు తన ఫోన్‌లోని యాప్‌లో మార్చాకే పుట్టింటి దగ్గరి టీచరు ఇవ్వగలిగారు. వెళ్ళే ముందే చెప్పి మార్పించుకుంటే ఒక నెల సరుకు పోదు. ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు పెద్ద డాక్టరు పరీక్ష ఉచితంగా ఉంటుంది. దానికి ఊరితో పనిలేదు, ఎక్కడైనా వెళ్ళొచ్చు.

మే నెలాఖరులో, ఎన్నికల హడావుడి సద్దుమణిగాక, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. పుట్టిన వెంటనే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి వేశారు. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటి దాకా దింపారు. జననీ సురక్ష డబ్బు తర్వాత ఖాతాలో పడింది, దానికి వేరే తిరగాల్సి రాలేదు.

జనన నమోదు దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. జననాన్ని 21 రోజుల లోపు నమోదు చేయాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్ళే రాసుకుంటారు. వివరాలు రాసే అతను మా ఆయన ఇంటిపేరే నాకూ పెట్టి రాశాడు. పచ్చి బాలింతను, కళ్ళు తిరుగుతున్నాయి, అయినా కాగితం ఇటివ్వండి అని చదివాను. మా అమ్మ నా ఆధార్ తీసి చూపించి, ఇందులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి బాబూ అంది. అతను విసుక్కోకుండా కొట్టేసి మళ్ళీ రాశాడు. అప్పుడు అయిపోయేది ఒక్క గీతతో. సర్టిఫికెట్ చేతికొచ్చాక మార్చాలంటే అఫిడవిట్‌లు, తిరుగుళ్ళు. బిడ్డ పేరు అప్పుడే చెప్పాల్సిన పనిలేదు, పేరు లేకుండా నమోదు చేసి ఏడాది లోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు. మేము ఇరవై ఒకటో రోజు పేరు పెట్టుకొని తర్వాత ఎక్కించాం.

రెండో విడతకు టీకాలే అసలు షరతు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటా వగైరా. నేను బిడ్డతో ఐదో నెల దాకా అమ్మ దగ్గరే ఉన్నాను కాబట్టి మూడూ అక్కడే, బుధవారం, శనివారం టీకాల రోజుల్లో వేయించాను. పెంటావాలెంట్ వేసిన రాత్రి జ్వరం రావచ్చు, ముందే పారాసిటమాల్ చుక్కలు ఇచ్చి పంపుతారు, భయపడాల్సింది లేదు. టీకా వేసిన ప్రతిసారీ కార్డులో తేదీ వేయించి, ఫొటో తీసి అత్తగారి ఊరి ఆశా అక్కకు వాట్సాప్ చేసేదాన్ని. ఎందుకంటే నా మాతృవందన దరఖాస్తు ఉన్నది ఆ ఊరి లెక్కలో. ఇక్కడ వేసిన టీకా అక్కడి కంప్యూటర్‌లో తనంతట తాను కనపడుతుందని నమ్మి కూర్చుంటే పని కాదు. పద్నాలుగో వారం టీకా సెప్టెంబరులో పడింది. ఆ ఫొటోలు, జనన ధ్రువపత్రం పట్టుకొని ఏఎన్ఎం మేడమ్ రెండో విడత వివరాలు ఎక్కించారు.

ఆ తర్వాత చాలా రోజులు కదలిక లేదు. దసరా వెళ్ళింది, నేను అత్తగారింటికి వచ్చేశాను, దీపావళి వెళ్ళింది. అడిగితే పైన ఆమోదం కావాలన్నారు. పైన అంటే ఎవరో, ఎక్కడో, ఎప్పటికో చెప్పేవాళ్ళు లేరు. ఈ పథకంలో నాకు బాగా బాధ కలిగించింది ఇదే. డబ్బు ఆలస్యమైనా ఓర్చుకోవచ్చు. బిడ్డను చంకనేసుకొని వెళ్ళి అడిగిన తల్లికి నీ కాగితం ఫలానా చోట ఉందమ్మా అని ఒక్క మాట చెప్పగలిగితే ఆమె మళ్ళీ మళ్ళీ తిరగదు. చివరికి పథకం వెబ్‌సైట్‌లో నేనే ఫోన్ నంబరుతో లాగిన్ అయి చూసుకోవడం నేర్చుకున్నాను. కింద నుంచి పంపారా, పరిశీలన అయిందా, ఆమోదం పెండింగా అన్నది అక్కడ కనిపిస్తుంది. అది చూశాక ఎవర్ని అడగాలో తెలిసింది. ఆ ఏడాది ముగిసేలోపే రెండు వేలు పడ్డాయి.

ఈ మధ్యలోనే ఒక ఫోన్ వచ్చింది. "మాతృవందన ఆఫీసు నుంచి, మీ రెండో విడత ఆగింది, ఓటీపీ చెబితే ఇప్పుడే వేస్తాం" అని, నా పేరూ ఊరూ అన్నీ సరిగ్గా చెప్పి మరీ. నేను పెట్టేశాను. మా పక్క వీధిలో ఒకామె చెప్పేసి ఖాతాలో ఉన్న డ్వాక్రా డబ్బు పోగొట్టుకుంది. ఈ పథకానికి ఎక్కడా రుసుము లేదు, ఫోన్‌లో ఓటీపీ అడిగి డబ్బు వేసేవాళ్ళు లేరు. బాలింతకు డబ్బు అవసరం ఎంత ఉంటుందో తెలిసే అలాంటివాళ్ళు ఫోన్ చేస్తారు.

ఇంకొకటి చెప్పాలి. మొదటి విడత తీసుకున్నాక కడుపు నిలవనివాళ్ళు ఉంటారు. మా బంధువుల్లో ఒకమ్మాయికి అలా జరిగింది. ఇక నాకు రాదులే అని ఆమె రెండోసారి నెల తప్పినప్పుడు పేరే రాయించుకోలేదు. గర్భస్రావమైనా, బిడ్డ చనిపోయి పుట్టినా, మళ్ళీ గర్భం వచ్చినప్పుడు కొత్త లబ్ధిదారుగానే చూస్తారు. ఆమెను నేనే పట్టుబట్టి తీసుకెళ్ళి రాయించాను. బిడ్డ పుట్టాక కూడా తొమ్మిది నెలల లోపయితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆలస్యమైందని వదిలేయకండి, వెళ్ళి అడగండి.

మా తోడికోడలికి ఇప్పుడు నాలుగో నెల. ఆమె పుట్టిల్లు నెల్లూరు వైపు. పెళ్ళయిన నెలలోనే ఫోన్ నంబరు ఆధార్‌కు ఎక్కించేశాం. ఇప్పుడు నమోదుకు ఫోన్ కెమెరాలో ముఖం చూపించి ఆధార్‌తో సరిపోల్చే పద్ధతి వచ్చింది, వేలిముద్రల బాధ తప్పింది. సీడింగ్ చూస్తే ఆమెకూ నెల్లూరు బ్యాంకే వచ్చింది. పోయిన సోమవారం మార్పు ఫారం ఇచ్చి వచ్చాం, ఇవాళ రాత్రి మళ్ళీ చూడాలి.